బొమ్మల ముక్కు కోస్తున్నారు

ఆదివారం మా మనవరాలి పక్కన చేరి 1997 నాటి డిస్నీ ‘హెర్క్యులీస్’ మళ్లీ చూశాను. అది నవ్వుతోంది, నేను పళ్లు నూరుతున్నాను. ఆ సినిమా బొమ్మలకు రూపం దిద్దమని డిస్నీవాళ్లు పిలిపించుకున్నది జెరాల్డ్ స్కార్ఫ్‌ని. లండన్ పత్రికల్లో నాయకుల ముక్కుల్ని కొడవళ్లలా, గడ్డాల్ని గునపాల్లా వేసిన మనిషి. ఆయన కలం గీయదు, గీరుతుంది. అలాంటి గీతని ఏరికోరి తెచ్చుకుని ఏం చేశారు? పాతాళం ఏలే హేడీస్‌లో కాస్త పదును మిగిల్చారు. హెర్క్యులీస్ దగ్గరికొచ్చేసరికి చింతపండేసి తోమిన ఇత్తడి చెంబే! అదే స్కార్ఫ్ బొమ్మలు 1982లో ‘పింక్ ఫ్లాయిడ్: ది వాల్’ సినిమాలో సుత్తులై కవాతు చేశాయి. ఒక్క మూలైనా అరిగిందా?

యానిమేషన్‌వాళ్లని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘కోణాలుంటే కదలవండీ.’ వాళ్ల కష్టం నాకు తెలియక కాదు. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా 12 బొమ్మలు వెయ్యాలి, అవీ పదిమంది చేతులు మారాలి. గుండ్రటి తలని ఎటు తిప్పినా గుండ్రమే. మిక్కీ మౌస్ చెవులు చూడండి, వాడు అటు తిరిగినా ఇటు తిరిగినా రెండూ పున్నమి చంద్రుళ్లే. ఏ ఎలక్కి ఉంటాయండీ అలాంటి చెవులు? స్కార్ఫ్ వేసిన ముక్కు పక్కనుంచి కత్తి. ఎదురుగా తిప్పితే అదేమవ్వాలి? కాగితం మీద ఆ బెడద లేదు, అక్కడ ముక్కు తిరగదు.

సరే, తెరమీద మాత్రం తిప్పి తీరాలని ఎవరు చెప్పారు?

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఒక పెద్దాయన నాకు తోలుబొమ్మ ఆడించి చూపించాడు. మేకతోలు బొమ్మ, పక్కకి తిరిగిన మొహం, సూదిలాంటి ముక్కు. భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో ముడి. ఉలితో పొడిచిన చిల్లుల్లోంచి దీపం వెలుగు వచ్చి నగలై మెరిసింది. మరి రాముడు ఇటు తిరగాలంటే? పెద్దాయన బొమ్మని దోసె తిరగేసినట్టు తిరగేశాడు. అంతే! ఆ చిటికెలో బొమ్మ మాయమై మళ్లీ వచ్చిందని నా కన్ను ఫిర్యాదు చెయ్యలేదు. ముక్కు మొన చెక్కుచెదరలేదు.

1941 సమ్మె తర్వాత డిస్నీని వదిలి యూపీఏ స్టూడియో పెట్టుకున్నవాళ్లకి ఈ కిటుకు తెలుసు. వాళ్ల ‘జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్’ (1950)లో గది అంటే నాలుగు గీతలు, కొన్నిచోట్ల గోడలే ఉండవు. దానికి ఆస్కారూ వచ్చింది. 2001లో ‘సమురాయ్ జాక్’ తీసిన టార్టకోవ్‌స్కీ అయితే బొమ్మ చుట్టూ ఉండే నల్లగీతనే తీసేశాడు. జాక్ చాలాసేపు కదలడు. గాలి కదులుతుంది, గడ్డి కదులుతుంది. చివరికి కత్తి కదులుతుంది.

డిస్నీవాళ్ల ‘స్లీపింగ్ బ్యూటీ’ (1959) సంగతి ఎత్తి నా నోరు మూయించాలని చూసేవాళ్లుంటారు. దాని చిత్రకారుడు ఐవిండ్ ఎర్ల్ చెట్లని కూడా పలకల్లా చెక్కాడు, 60 లక్షల డాలర్లు పోశారు, తొలి విడుదలలో పెట్టుబడి తిరిగి రాలేదు. నిజమే. అయితే అందులోని మంత్రగత్తె మలెఫిసెంట్ కొమ్ములు ఇవాళ్టికీ పిల్లలకి కలలోకి వస్తున్నాయిగా! గుండ్రటి బొమ్మలు తీసి చేతులు కాల్చుకున్నవాళ్ల లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

మన హైదరాబాద్‌లో తయారయ్యే ఛోటా భీమ్ కూడా 2008 నుంచి బూరెబుగ్గలతోనే తిరుగుతున్నాడు. లడ్డూలు తినే పిల్లాడు గనక వదిలేద్దాం. అసలు మన లిపే గుండ్రం, మనకి మొనలంటే అనుమానం. బాపుగారు కోటేరు వేసిన ముక్కులతో ఆ జబ్బు కొంత కుదిర్చారు. మనం ఆయన చేతిరాతని ఫాంటు చేసుకుని పెళ్లి శుభలేఖలకి వాడేసి ఋణం తీర్చుకున్నాం.

ఇంతకీ గీత అరిగిపోతోందని ఏడుస్తున్నాను గానీ, గీసినవాడి పేరే ఉండటం లేదు. ‘చందమామ’లో బొమ్మ మూల ‘వపా’ అనో ‘చిత్ర’ అనో ‘శంకర్’ అనో చదువుకుని, ఆ తర్వాత కథలోకి వెళ్లేవాళ్లం. మొన్న మనవరాలికి ఓ తెలుగు కథల పుస్తకం కొన్నాను. పేజీకో బొమ్మ, దివ్యంగా ఉన్నాయి. రచయిత పేరుంది, ముందుమాట రాసినాయన డిగ్రీలు మూడు వరుసల్లో ఉన్నాయి, డీటీపీ చేసినవారి ఫోన్ నంబరు కూడా ఉంది.

‘తాతా, ఈ నక్కని ఎవరేశారు?’ అంది పిల్ల. వెనక అట్ట తిప్పి చూశాను. బార్‌కోడ్ ఉంది.