ఇంటిల్లిపాదీ చూశామట!

మొన్న శనివారం మా ఇంట్లో నాలుగు కుటుంబాలు కలిశాం. గ్లాస్గోలో నవంబరంటే నాలుగింటికే చీకటి. బయట వాన, లోపల మిర్చి బజ్జీలు. బజ్జీలు వేస్తున్నది నేను, తింటున్నది హాల్లో మగవాళ్ళు. టీవీలో యూట్యూబ్ పెట్టుకుని పాత స్కాట్‌స్పోర్ట్ ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తున్నారు.

"ఆ రోజులే వేరండీ! ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్ళం. ఇప్పుడెవరి ఫోను వాళ్ళది" అన్నారు మావారు. గొంతు కాస్త జీరబోయింది కూడా.

నా చేతిలో చిల్లుల గరిటె అలాగే ఆగిపోయింది. ఇంటిల్లిపాదీనా? అంటే ఎవరెవరు?

తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. స్కాట్‌స్పోర్ట్ అనేది ఇక్కడి ఎస్‌టీవీలో వచ్చిన ఫుట్‌బాల్ షో. 1957లో మొదలైంది. ఆర్థర్ మాంట్‌ఫర్డ్ అనే పెద్దాయన గళ్ళ కోట్లేసుకుని 1989 దాకా, అంటే 32 ఏళ్ళు నడిపారు. ఆటలో ముఖ్యమైన ఘట్టాలు, గోల్స్, కాస్త చర్చ, అంతే. 2008లో ఇక్కడి లీగ్ హైలైట్స్ హక్కులు బీబీసీకి పోయాయి, 51 ఏళ్ళ షో ఆగిపోయింది. అప్పుడు మావారు వారం రోజులు దిగాలుగా తిరిగారు. 1997లో చదువుకోడానికొచ్చి, తోడు లేని గదిలో ఆ షో చూస్తూ ఈ ఊరికి అలవాటు పడ్డ మనిషి. ఆ బాధ నాకర్థమవుతుంది. నేను ఒప్పుకోనిది ఆ ఒక్క మాట, ఇంటిల్లిపాదీ.

నేను పెళ్ళయి ఇక్కడికొచ్చింది 2001లో. ఒక్క పడగ్గది ఫ్లాటు. వంటింట్లోంచి టీవీ కనపడదు, వినపడుతుంది. గోల్ పడిందని హాల్లో కేకని బట్టి తెలిసేది. చెయ్యి కడుక్కుని పరిగెత్తుకొచ్చేసరికి రీప్లే కూడా అయిపోయేది. ఎస్‌టీవీలో ప్రకటనలుంటాయి కదా, ప్రకటనలొచ్చాయంటే నా డ్యూటీ మొదలైనట్టే. "టీ పడుతుందా?" అని లోపలికి వినపడేది. అలా ఏడేళ్ళు ఆ షోని నేను చెవులతో చూశాను. మీలో ఎంతమంది క్రికెట్ వరల్డ్ కప్పుల్ని ఇలా చెవులతో చూశారో చెప్పండి!

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇంకోటీ చెప్తాను. ఆ షో అంటే నాకూ ఇష్టమే. మావారికి నైట్ షిఫ్టు పడ్డ రోజుల్లో పక్కింటి పెద్దావిడ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. ఇక్కడి యాస నా చెవికెక్కింది ఆవిడ సోఫాలోనే. గోల్ ముందు పదిమంది కాళ్ళూ చేతులూ కలగాపులగమైతే దాన్ని ఇక్కడి భాషలో 'స్ట్రామాష్' అంటారనీ, ఆ మాటని టీవీలో అందరి నోటా నానేలా చేసింది మాంట్‌ఫర్డేననీ ఆవిడే చెప్పింది. పన్నెండేళ్ళు వచ్చేదాకా అన్నదమ్ములతో వీధిలో బంతి ఆడిందట. తర్వాత వాళ్ళమ్మ మాన్పించేసిందట.

"తర్వాతేం చేశారు?" అన్నాను.

"తర్వాత టీవీలో చూశాను" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆవిడ ఎందుకు టీవీలోనే చూడాల్సొచ్చిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మనవాళ్ళు తలుచుకుని మురిసిపోయే ఆ బంగారు రోజుల్లో స్కాట్లండ్‌లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కి సంఘం గుర్తింపే లేదు, సంఘం కింద ఉన్న మైదానాల్లోకి రానిచ్చేవారు కాదు. 1971లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఆడవాళ్ళ ఆటని గుర్తిద్దామా అని ఓటు పెడితే, వద్దని చెయ్యెత్తిన దేశం ఒకే ఒక్కటి, ఈ స్కాట్లండే. గుర్తించింది 1974లో.

ఈలోగా అమ్మాయిలు ఊరుకోలేదు. 1972 నవంబరు 18న గ్రీనొక్‌లో ఇంగ్లండ్‌తో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడారు. ఫుట్‌బాల్ మైదానం దొరక్క పరుగుపందేల స్టేడియంలో ఆడారు. 3-2తో ఓడిపోయారు. ఆ జట్టులో రోజ్ రైలీ అని స్టూవర్టన్ అమ్మాయి ఉంది. ఇక్కడ బతుకు లేదని ఫ్రాన్స్ వెళ్ళి, అక్కణ్ణించి ఇటలీ వెళ్ళి మిలాన్‌కి ఆడింది. ఇక్కడి సంఘం 1975లో ఆమె మీద నిషేధం పెడితే ఇటలీ వాళ్ళు తమ దేశం తరఫునే ఆడించుకున్నారు. 1984లో వాళ్ళకి కప్పు తెచ్చిపెట్టింది. 2007లో స్కాటిష్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కిన తొలి మహిళ ఆమే. మరి ఆ 1972 జట్టుకి, దేశం కోసం ఆడినవాళ్ళకిచ్చే టోపీ ఎప్పుడిచ్చారనుకుంటున్నారు? 2019లో! 47 ఏళ్ళకి. ఆడపిల్లలుగా మైదానంలోకి దిగినవాళ్ళు అమ్మమ్మలై వచ్చి తీసుకున్నారు.

ఇదంతా శనివారం బజ్జీల పళ్ళెం పట్టుకునే చెప్పాను. ఒక అన్నయ్యగారు అడ్డుపడ్డారు. "ఆడవాళ్ళ ఆటకి జనం రారు కదమ్మా. జనం రానిది టీవీ వాళ్ళు మాత్రం ఎందుకు చూపిస్తారు?"

జనం రాలేదా! 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో డిక్ కెర్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ జట్టు ఆడితే 53,000 మంది వచ్చారు. సరిగ్గా మరుసటి డిసెంబర్లో ఇంగ్లండ్ సంఘం, ఈ ఆట ఆడవాళ్ళకి తగదని తన మైదానాలన్నీ మూసేసింది. యాభై ఏళ్ళు తలుపులు మూసి, తర్వాత తెరిచి, "చూశారా, ఎవరూ రావట్లేదు" అంటే ఎలాగండీ? అదే తలుపు తీసిపెడితే, 2019 మేలో హాంప్‌డెన్ పార్కులో మన అమ్మాయిలు జమైకాతో ఆడుతుంటే 18,555 మంది వచ్చారు. ఆ పాత జట్టుకి టోపీలిచ్చింది ఆ రోజే.

స్కాట్‌స్పోర్ట్ వాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. లీగు ఏ ఆట ఇస్తే వాళ్ళు ఆ ఆట చూపించారు. మాంట్‌ఫర్డ్ గారి గొంతులో మర్యాద నాకూ నచ్చుతుంది. నా తగువు ఆ షోతో కాదు, దాన్ని తలుచుకునే పద్ధతితో. ఉమ్మడి కుటుంబం గురించి మాట్లాడేవాళ్ళూ ఇంతే. "ముప్ఫై మందిమి ఒకే పంక్తిలో భోంచేసేవాళ్ళం" అంటారు. వడ్డించింది ఎవరో, ఆఖర్న అడుగూ బొడుగూ తిన్నది ఎవరో ఆ పంక్తి లెక్కలోకి రారు. పాతరోజుల్ని ప్రేమించొద్దనను. లెక్క సరిగ్గా పెట్టుకుని ప్రేమించండి అంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. అండర్-15 జట్టులో లెఫ్ట్ బ్యాక్ ఆడుతుంది. ఆదివారం ఉదయం మ్యాచ్‌లు. ఈ సీజన్లో మా ఇంటి పెద్దమనిషి వచ్చింది రెండంటే రెండు మ్యాచ్‌లకి. వారమంతా పనిచేసి అలిసిపోయారు, వాన పడుతోంది, మోకాలు నొప్పి, అన్నీ నిజమే కావచ్చు. ఆగిపోయిన షో కోసం మాత్రం శనివారం రాత్రి పన్నెండింటి దాకా మేలుకోగలరు. 1970ల్లో ఎవరో కొట్టిన గోల్‌ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూడగలరు. కన్నకూతురు గీత దగ్గర ఆపిన బంతికి రీప్లే ఉండదు, అది అక్కడుంటేనే కనపడుతుంది.

నేనేదో మొదట్నించీ గొప్పదాన్నని అనుకోకండి. దానికి తొమ్మిదేళ్ళప్పుడు ఫుట్‌బాల్ బూట్లు కావాలంటే, "ఎండకీ వానకీ నల్లబడిపోతావే, డాన్స్ నేర్చుకో" అన్నది నేనే. ఆ రాత్రి పక్కింటావిడ మాట గుర్తొచ్చింది. అరవై ఏళ్ళ కింద వాళ్ళమ్మ చేసిందే నేనూ చేస్తున్నానని తెలిసి సిగ్గేసింది. మర్నాడు వెళ్ళి బూట్లు కొన్నాను. కాబట్టి మనమూ ఈ లెక్కలో ఉన్నాం. మగవాళ్ళ జ్ఞాపకాలకి టీ కాచిపెట్టింది మనమే. "నాకూ చోటివ్వండి, నేనూ చూస్తాను" అని ఆ సోఫాలో కూర్చోకపోయిందీ మనమే.

అందుకని శనివారం బజ్జీల పళ్ళెం బల్ల మీద పెట్టి, రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాను. "రేపు పదింటికి మ్యాచ్. డబ్బు కట్టక్కర్లేదు, ఏ ఛానల్ హక్కులూ అడ్డురావు. ఇంటిల్లిపాదీ చూడొచ్చు. గొడుగులు నా దగ్గర మూడున్నాయి" అన్నాను. వదినలు నవ్వారు. అన్నయ్యగార్లు బజ్జీల వైపు చూశారు.

ఆదివారం మావారొక్కరే వచ్చారు. ముక్కు దాకా మఫ్లర్ చుట్టుకుని, మొదట్లో విసుగ్గానే నిలబడ్డారు. ఇరవై నిమిషాలయ్యేసరికి మా గోల్ ముందు పెద్ద స్ట్రామాష్. అందులోంచి మా అమ్మాయి బంతిని బయటికి తన్నింది. ఈయన అరిచిన అరుపుకి అవతలి జట్టు తల్లిదండ్రులు కూడా ఇటు తిరిగి చూశారు.

హాఫ్‌టైమ్‌లో చేతులు రుద్దుకుంటూ నా పక్కకొచ్చి, "ఫ్లాస్కులో టీ ఉందా?" అన్నారు.

"ఉంది. పోసుకోండి, నాకూ ఒక కప్పు పొయ్యండి" అన్నాను.