కళ్లజోడు సరే, చెయ్యి పట్టేదెవరు?

పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ల తలకి ఓ పెద్ద కళ్లజోడు తగిలిస్తారు. అందులో తోట కనిపిస్తుంది. చెయ్యి చాపి పండు కోస్తే మార్కులు పడతాయి. వర్చువల్ రియాలిటీ అనే ఈ పద్ధతి మన నగరాల్లోనూ కొన్ని ఫిజియోథెరపీ కేంద్రాల్లోకి వచ్చేసింది. వింటే ఆశ పుడుతుంది. ఆశతోపాటు ఖర్చూ పుడుతుంది. ఇంట్లో పెద్ద జబ్బు వస్తే ముందు కరిగేది ఆడవాళ్ల ఒంటిమీది బంగారమే కదా! అందుకే ఈ సంగతి మనం కాస్త నిదానంగా తెలుసుకోవాలి.

అసలు ఆటకీ వైద్యానికీ సంబంధమేమిటి? మెదడులో ఓ భాగం దెబ్బతింటే, మిగిలిన భాగాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకోగలవు. అయితే ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేయించాలి. 2009లో వెలువడిన ఓ అధ్యయనంలో అమెరికా, కెనడాల్లో 312 విడతల చికిత్సను దగ్గరుండి లెక్కపెట్టారు. చేత్తో పనికొచ్చే కదలికలు చేయించినచోట కూడా విడతకి సగటున 32 సార్లే చేయించారట! విసుగు పుట్టకుండా ఆ లెక్క పెంచడమే ఆటల ప్రయోజనం.

మరి ఫలితం? కెనడాతో సహా నాలుగు దేశాల్లో 141 మంది రోగులపై చేసిన పరిశోధన 2016లో వెలువడింది. మామూలు చికిత్సకి తోడు కొందరిచేత వీడియో గేములు, మిగిలినవారిచేత పేకాట, బంతాట లాంటివి ఆడించారు. రెండు వారాల్లో పది విడతలు, విడతకి గంట. రెండు జట్లూ కోలుకున్నాయి. చెప్పుకోదగ్గ తేడా లేదు! 2017లో కాక్రేన్ సంస్థ 72 పరిశోధనల్ని కలిపి చూసింది. చేతి విషయంలో మామూలు వ్యాయామాన్ని మించిందని తేలలేదు. దానికి అదనంగా చేర్చి సాధన సమయం పెంచితే మాత్రం మేలు కనిపించింది. అంటే ఇది అన్నం కాదు, పక్కన పెట్టుకునే కూర.

'అయితే ఇంట్లోనే మనం చేయించుకుందాం' అంటారేమో. మనదేశంలో అదీ పరీక్షించారు. 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులు పాల్గొన్నారు. వారిలో ఒక జట్టు ఇళ్లలో ఒకరికి శిక్షణనిచ్చి వ్యాయామాలు చేయించారు. ఆరు నెలల తర్వాత చూస్తే మరణాలుగానీ, ఇతరులపై ఆధారపడటంగానీ తగ్గలేదని 2017లో తేల్చారు. ఈ మాట మనకి చాలా ముఖ్యం. మొగుడి చెయ్యి లేవకపోతే 'సరిగ్గా చేయించలేదు' అని భార్యను వేలెత్తి చూపే ఇళ్లు నేనెన్నో చూశాను. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు పని ఇల్లాలి నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఇక పక్షవాతం ఇల్లాలికే వస్తేనో? మగవాడికైతే 'ఎలా అయినా ఆఫీసుకి పంపాలి' అని తాపత్రయపడతారు. ఆమె కుంటుకుంటూ పొయ్యి దగ్గరికి చేరితే చాలు, నయమైపోయిందంటారు. జడ అల్లుకోలేని చేతిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కాబట్టి డబ్బు కట్టేముందు గట్టిగా అడగండి. ఇది మామూలు వ్యాయామానికి అదనమా, బదులా? పక్కన ఫిజియోథెరపిస్టు ఉంటారా? మార్కులు పెరగడం సరే, గ్లాసు పట్టుకోవడం, బొత్తాం పెట్టుకోవడం ఎంతవరకు వచ్చిందో చూస్తారా? జవాబులు సూటిగా రాకపోతే బంగారం బీరువాలోనే ఉంచండి. ఆ డబ్బుతో ఫిజియోథెరపీ మరికొన్ని నెలలు ఆగకుండా సాగుతుంది.