నర్సమ్మ పేరు ఏ రిజిస్టర్‌లో?

స్వాతంత్య్రం వస్తే జెండా మారుతుంది, పార్లమెంటు మారుతుంది. మరి నర్సమ్మ రిజిస్ట్రేషన్ సంగతేమిటి? స్కాట్లాండ్ స్వాతంత్య్రవాదులు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. 2014 సెప్టెంబర్ 18 రెఫరెండంలో 55 శాతం మంది వద్దన్నారు, 45 శాతం దాకా కావాలన్నారు. లండన్ ఒప్పుకోకుండా ఇంకో రెఫరెండానికి చట్టం చేసే అధికారం స్కాట్లాండ్ పార్లమెంటుకు లేదని 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పులతో ఆకాంక్షలు చావవు. ప్రశ్నలూ చావవు.

1999లో సొంత పార్లమెంటు వచ్చాక వైద్యం స్కాట్లాండ్ చేతికొచ్చింది. నర్సుల నియంత్రణ మాత్రం 1998 చట్టం ప్రకారం లండన్ దగ్గరే ఉండిపోయింది. బ్రిటన్ మొత్తానికీ ఒకటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, 8 లక్షలకు పైగా పేర్లున్న ఒకటే రిజిస్టర్. ఏటా ఫీజు కట్టాలి. మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలి. అందులో పేరు లేకపోతే ఎంత అనుభవమున్నా రిజిస్టర్డ్ నర్సుగా డ్యూటీ ఎక్కే వీల్లేదు.

విడిపోతే సర్టిఫికెట్లు చిత్తుకాగితాలవుతాయనీ, చిన్న దేశం సొంత కౌన్సిల్‌ను మోయలేదనీ భయపెట్టడం తేలిక. అది చరిత్రకు నిలవని మాట. 1919 చట్టంతోనే స్కాట్లాండ్‌కు సొంత నర్సింగ్ కౌన్సిల్ వచ్చింది. 1983లో అందరినీ ఒకే గొడుగు కిందికి తెచ్చేదాకా అరవై ఏళ్లకు పైగా నడిచింది. స్వతంత్ర దేశం కాకుండానే నడిచింది! పక్కనున్న ఐర్లండ్‌ను చూడండి. 2022 లెక్కల ప్రకారం స్కాట్లాండ్ జనాభా 54 లక్షలు, ఐర్లండ్ జనాభా 51 లక్షలు. ఐర్లండ్ నర్సుల రిజిస్టర్ డబ్లిన్‌లోనే ఉంది.

బెదిరింపు అబద్ధమైనంత మాత్రాన ప్రశ్న అబద్ధం కాదు. బ్రిటన్, ఐర్లండ్ పౌరులు ఒకరి దేశంలో ఒకరు వీసా లేకుండా బతకొచ్చు, పనిచేయొచ్చు. అయినా ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నర్సు సరిహద్దు దాటి లెటర్‌కెన్నీ ఆస్పత్రిలో పనిచేయాలంటే డబ్లిన్ రిజిస్టర్‌లో పేరుండాల్సిందే. పౌరసత్వం సరిహద్దు దాటిస్తుంది గానీ వార్డు తలుపు తెరవదు. రేపు ఇంగ్లండ్‌లోని బెరిక్‌లో ఇల్లుండి, స్కాట్లాండ్‌లోని బోర్డర్స్ జనరల్ ఆస్పత్రిలో పనిచేసే నర్సుకూ రెండు రిజిస్టర్లు, రెండు ఫీజులు తప్పకపోవచ్చు. అప్పులు చేసి, పరీక్షలు గట్టెక్కి అక్కడికి చేరిన మన తెలుగు నర్సుల మాటేమిటి? వాళ్ల కొలువు, వీసా రెండూ ఆ రిజిస్టర్‌లోని పేరు మీదే నిలబడి ఉన్నాయి.

అందుకే విడిపోయే చట్టంలోనే మూడు మాటలు రాసి ఉండాలి. ఒకటి, పాత రిజిస్టర్‌లో ఉన్న ప్రతి పేరూ మొదటి రోజు నుంచే కొత్త రిజిస్టర్‌లో ఉన్నట్టే లెక్క. కొత్త దరఖాస్తు వద్దు, కొత్త పరీక్ష వద్దు. రెండు, ఒక దేశపు రిజిస్ట్రేషన్‌ను ఇంకో దేశం గుర్తించాలి, అది ఎంతకాలమో తేదీతో సహా చెప్పాలి. మూడు, తప్పు చేసి ఒకచోట పేరు పోగొట్టుకున్న వాళ్లు రెండోచోట దొంగచాటుగా చేరకుండా కౌన్సిళ్లు సమాచారం పంచుకోవాలి. మొదటి రెండూ నర్సుకు రక్షణ, మూడోది రోగికి రక్షణ.

'ముందు రానీయండి, తర్వాత చూసుకుందాం' అంటే చెల్లదు. హామీ వేరు, చట్టం వేరు. 1956 పెద్దమనుషుల ఒప్పందం ఏ గంగలో కలిసిందో, 1985 నాటి 610 జీవో ఎన్నేళ్లు మూలన పడిందో చూసిన తెలంగాణకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ గురించి అడిగిన నర్సు ఉద్యమ ద్రోహి కాదు. రేపటి దేశంలో రోగుల పక్కన నిలబడాల్సింది ఆమే. ఆమెకు నినాదంతో కాదు, రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. అదీ ఓటు అడగకముందే చెప్పాలి!