ఇంటి దీపమునకు ఇంధన ఘటము

వేసవిలో శంషాబాదు మార్గమున పోయినవారికి అచ్చటి యెండ యెట్టిదో తెలియును. 2008లో ప్రారంభమైన విమానాశ్రయము ఆ యెండను వృథాగా పోనీయలేదు. 2021 నాటికి తన సౌరవిద్యుత్కేంద్రమును 10 మెగావాట్లకు పెంచుకొనినది. పరిసరముల గృహస్థుడును తన డాబాపై సౌరఫలకములు పరచుకొనవచ్చును. కాని ప్రొద్దు క్రుంకిన పిదప గతి యేమి?

ఇంధన ఘటమును తెచ్చుకొమ్మని కొందరి సలహా. పగటి విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజని వాయువును నిలువచేయవలెను. రాత్రి ఘటమునందు అది గాలిలోని ఆమ్లజనితో కలిసినపుడు విద్యుత్తు పుట్టును. పొగ లేదు, మంట లేదు. మిగులునది నీరు, కొంత వేడిమి. బ్రిటనుకు చెందిన విలియం గ్రోవ్ 1839లోనే ఈ మర్మమును కనుగొనెను. చంద్రునికడకేగిన అపోలో నౌకలలో విద్యుత్తునేగాక త్రాగునీటిని గూడ నిచ్చినది ఇదియే.

చంద్రుని వరకు పోయినది మన చావడిలోనికి రాలేదా? జపానులో వచ్చినది. గొట్టముల ద్వారా వచ్చు ఇంధనవాయువునుండి ఉదజనిని తీసి, సుమారు 700 వాట్ల విద్యుత్తునిచ్చు యంత్రములు అచ్చట 2009 నుండి అమ్ముడగుచున్నవి. నాలుగు లక్షలకు పైగా ఇండ్లలో నెలకొన్నవి. అయితే అచ్చటి కిటుకంతయు వేడిమిలో నున్నది. చలిదేశము, ప్రతిదినము తొట్టెడు వేడినీటి స్నానము. యంత్రము విడుచు వేడిమి నీళ్లు కాచుటకు పనికివచ్చును. మన యెండలలో, శీతకాలము దాటినచో, ఆ వేడిమి గాలిపాలే.

ఇక లెక్క చూడుడు. నూరు యూనిట్లు వెచ్చించి నీటిని విడగొట్టినచో ముప్పది యూనిట్ల వరకు అప్పుడే పోవును. వాయువును అదిమి నిలువచేయుటకు మరికొంత. ఘటము తనకందిన శక్తిలో ఇంచుమించు సగమునే విద్యుత్తుగా మార్చును. తుదకు చేతికందునది ముప్పది, ముప్పదియైదు. ఆ నూటినే లిథియం బ్యాటరీలో దాచినచో ఎనుబదియైదు వరకు తిరిగివచ్చును. అప్పుచేసి యంత్రము కొన్న సంసారికి ఈ భేదము స్వల్పము కాదు. పైగా ఉదజని సన్నని సందునుండియు జారిపోవును, ఇట్టే మండును. వంటింటి ప్రక్కన దాని తొట్టి యున్నచో ఇల్లాలికి నిద్ర పట్టునా?

ఘటమును నిరసించుట నా యుద్దేశము కాదు; దానికి తగిన తావు వేరు. విశాఖపట్టణము చెంత సింహాద్రి విద్యుత్కేంద్రమున ఎన్టీపీసీ సంస్థ 2021 డిసెంబరులో ఒక ప్రణాళికను ప్రకటించినది. పగలు నిలువచేసిన ఉదజనితో, సాయంకాలము 5 గంటలనుండి ఉదయము 7 గంటల వరకు, 50 కిలోవాట్ల ఘటమును నడుపవలెనని సంకల్పము. అచ్చట నిపుణులు కలరు, కాపలా కలదు. ఒక్క రాత్రికి బ్యాటరీ చాలును. పదిదినముల శక్తిని దాచవలసినచో బ్యాటరీలను కొండగా పేర్చవలసియుండును. ఉదజనికైనచో తొట్టిని పెంచిన సరిపోవును.

కావున శంషాబాదులో తొలి ఘటమును నిలుపదగిన చోటు విమానాశ్రయమే గాని ప్రక్క ఊరి డాబా కాదు. అచ్చట విశాలమైన స్థలము కలదు. అగ్నిమాపక దళము రేయింబవళ్లు మేలుకొనియే యుండును.