గంజాయి పొగకు కేస్‌షీట్‌లో గడి లేదు

పోచంపల్లిలో పొద్దుగూకే వేళకు మగ్గాల చప్పుడు సన్నగిల్లుతుంది. పోయిన చలికాలం అలాంటి ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే తెలిసినవాళ్ల పిల్లాడు పలకరించాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తున్నాడు. పండక్కి ఇంటికొచ్చాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక గొంతు తగ్గించి అడిగాడు: “కాకా, గంజాయి తాగితే కేన్సర్ రాదంట గద! ఫోన్ల జూసిన. అమెరికా డాక్టర్లే జెప్పిన్రంట. సిగరెట్టే డేంజరంట.” ఆ నాలుగు ముక్కలు చెప్పేలోపే రెండుసార్లు దగ్గాడు. లోపలి నుంచి తెమడతో వచ్చే దగ్గు.

వాడు చెప్పింది శుద్ధ అబద్ధమైతే నా పని తేలికయ్యేది. “ఎవడో వాగిండు, నమ్మకు” అని భుజం తట్టి పంపేసేవాణ్ని. కానీ ఆ మాటలో సగం నిజముంది. సగం నిజానికి జవాబు చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పుకు రావాలి.

లాస్ ఏంజిలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ టాష్కిన్ అనే ఊపిరితిత్తుల వైద్యుడు దశాబ్దాల పాటు గంజాయి పొగ మీదే పరిశోధన చేశారు. గంజాయి తాగేవాళ్లకు ఊపిరితిత్తుల కేన్సర్ ఎక్కువగా వస్తుందని తేలుతుందనే ఆయన అనుకున్నారు. ఆయన బృందం 611 మంది ఊపిరితిత్తుల కేన్సర్ రోగులను, ఆ జబ్బు లేని 1,040 మందిని పక్కపక్కన పెట్టి, ఎవరెవరు జీవితంలో ఎంత గంజాయి తాగారో అడిగింది. 2006లో ఫలితం అచ్చయింది. బాగా తాగినవాళ్లలో కూడా కేన్సర్ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. అదే అధ్యయనంలో రోజుకు రెండు పెట్టెలు, అంతకు మించి సిగరెట్లు తాగేవాళ్లలో మాత్రం ముప్పు దాదాపు 20 రెట్లు. 2015లో ఆరు అధ్యయనాలను కలిపి 2,159 మంది రోగులను, 2,985 మంది ఇతరులను లెక్కలోకి తీసుకున్నప్పుడు కూడా స్పష్టమైన సంబంధం దొరకలేదు. 2017లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల నివేదిక ఈ సాక్ష్యాన్నంతా జల్లెడ పట్టి, గంజాయి పొగకూ ఊపిరితిత్తుల కేన్సర్‌కూ గణాంక సంబంధం లేదనడానికి ఒక మోస్తరు ఆధారం ఉందని రాసింది. పిల్లాడి ఫోన్‌లోకి వచ్చింది ఈ ముక్కే. దానికి ముందూ వెనకా ఉన్నది రాలేదు.

ముందున్నది పొగ సంగతి. అదే టాష్కిన్ బృందం 1988లో ఇంకో లెక్క తీసింది. గంజాయి తాగేవాడు సిగరెట్ తాగినట్టు తాగడు. దమ్ము పెద్దగా లాగుతాడు, లోతుగా లాగుతాడు, లాగింది వదలకుండా సుమారు నాలుగు రెట్లు ఎక్కువసేపు బిగబట్టి ఉంచుతాడు. దాంతో లోపలికి పోయే తారు ఒక సిగరెట్‌తో పోలిస్తే మూడింతలు, రక్తంలో చేరే కార్బన్ మోనాక్సైడ్ అయిదింతలు. పోయిన తారులో లోపలే అంటుకుపోయే వాటా కూడా సిగరెట్ కంటే మూడోవంతు ఎక్కువ. 2008లో కెనడా పరిశోధకులు పొగను యంత్రంతో లాగించి చూస్తే గంజాయి పొగలో అమ్మోనియా పొగాకు పొగలో కంటే 20 రెట్లు ఉంది. హైడ్రోజన్ సయనైడ్ మూడు నుంచి అయిదు రెట్లు. రోజూ గంజాయి తాగేవాళ్ల శ్వాసనాళాల నుంచి తీసిన చిన్న ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెడితే, కేన్సర్‌కు ముందు కనిపించే తరహా మార్పులు పొగాకు తాగేవాళ్లలో కనిపించినట్టే కనిపించాయి. 2009లో కాలిఫోర్నియా రాష్ట్రం గంజాయి పొగను కేన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

పొగలో విషముంది, నాళాల పొరలో మార్పుంది, రోగుల లెక్కలో మాత్రం కేన్సర్ తేలడం లేదు. ఎందుకు?

మొదటి కారణం మోతాదు అనుకుంటాను. పొగాకు తాగేవాడు రోజుకు ఇరవై చొప్పున ముప్ఫై ఏళ్లు తాగుతాడు. గంజాయి తాగేవాళ్లలో చాలామంది వారానికి నాలుగైదు, మహా అయితే రోజుకు ఒకటి రెండు తాగి, పెళ్లీ పిల్లలూ అయ్యాక మానేస్తారు. దశాబ్దాల పాటు రోజూ తాగినవాళ్లు ఏ అధ్యయనంలోనైనా కొద్దిమందే దొరుకుతారు. ఆ కొద్దిమందిని వెతికి పట్టుకున్నచోట కథ మారింది. న్యూజిలాండ్‌లో 55 ఏళ్ల లోపు రోగులు 79 మందిని తీసుకుని 2008లో వెలువరించిన అధ్యయనంలో, రోజుకొకటి చొప్పున ఏడాది తాగితే ఒక యూనిట్ అనుకుంటే, ఒక్కో యూనిట్‌కూ ముప్పు 8 శాతం పెరిగింది. పదిన్నర యూనిట్లు దాటినవాళ్లలో అయిదు రెట్లకు మించింది. స్వీడన్‌లో 1969-70లో సైన్యానికి పిలిచిన 49 వేల మంది కుర్రాళ్లను నలభై ఏళ్లు వెంబడించి చూస్తే, అప్పటికే 50 సార్లకు మించి గంజాయి తాగామన్నవాళ్లలో ముప్పు రెట్టింపు తేలింది. దీనికీ లోపముంది. ఆ తర్వాతి నలభై ఏళ్లలో వాళ్లెన్ని సిగరెట్లు తాగారో ఎవరూ అడగలేదు.

మనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ట్యునీషియా, మొరాకో, అల్జీరియాల లెక్క. అక్కడ గంజాయిని పొగాకుతో కలిపి తాగుతారు. ఆ మూడు దేశాల మగవాళ్లలో 430 మంది రోగులను 778 మంది ఇతరులతో పోలిస్తే, గంజాయి తాగినవాళ్లలో ముప్పు 2.4 రెట్లు. మన దగ్గర కూడా గంజాయి ఒంటరిగా నోటికి చేరేది తక్కువ. చిలుములో అయితే పొగాకు కలుపుతారు. కుర్రాళ్లయితే సిగరెట్‌ను వేళ్ల మధ్య నలిపి పొగాకు అరచేతిలోకి దులిపి, గింజ తీసిన గంజాయి అందులో కలిపి, పాన్‌డబ్బాలో కొన్న ఓసీబీ పేపర్లో చుడతారు. అమెరికా లెక్కను మన కుర్రాడి ఛాతీకి అతికించడానికి లేనిది ఇక్కడే. అక్కడ ‘గంజాయి’ అంటే ఎక్కువగా గంజాయి ఒక్కటే. ఇక్కడ అది గంజాయి ప్లస్ సిగరెట్. అందులో కేన్సర్ తెస్తుందని ఏ అనుమానమూ లేకుండా తేలిపోయిన సరుకు మొదటి నుంచీ ఉంది.

ఈ రెంటినీ విడదీసి చూడటం ఎంత కష్టమో పోచంపల్లివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చిటికి కట్టేటప్పుడు నూలు మీద సైకిల్ ట్యూబు పట్టీలను బిగించి చుడతారు. కట్టిన చోటికి రంగు పోకూడదు. ఆ కట్టు ఒక్క వెంట్రుకవాసి వదులైనా ఎరుపు తెలుపులోకి పాకుతుంది. పాకిన తర్వాత ఏది ఎంత వచ్చిందో విప్పి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒకే మనిషి గంజాయి, సిగరెట్, బీడీ తాగి, కట్టెల పొయ్యి పొగ పీల్చి పెరిగి ఉంటే, యాభయ్యో ఏట ఎక్స్‌రేలో కనిపించిన మచ్చ దేనివల్ల వచ్చిందో విడదీయడానికి ముందు కట్టు గట్టిగా ఉండాలి. వాడు ఏది, ఎప్పుడు మొదలుపెట్టి, ఎన్నేళ్లు తాగాడో ఎక్కడో రాసి ఉండాలి. మన దగ్గర లేనిది ఆ రాతే.

ఒకప్పుడు ఇదే తెలుగు నేల మీద ఆ రాత జరిగింది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. అంగిట్లో వచ్చే కేన్సర్‌కూ దీనికీ ఉన్న సంబంధాన్ని ఖానోల్కర్, సూర్యాబాయి అనే డాక్టర్లు 1945లోనే రాశారు. లండన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు సిగరెట్ మీద పేరుమోసిన అధ్యయనాన్ని ప్రచురించింది ఆ తర్వాత అయిదేళ్లకు, 1950లో. ఆ పైన పిండ్‌బోర్గ్ అనే పరిశోధకుడి బృందం 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించింది. శ్రీకాకుళం పల్లెల్లో పదివేల మంది అపరిచితుల ముందు నోరు తెరిచారంటే కారణం ఒక్కటే. చుట్ట తాగడంలో దాచుకోవాల్సిందేమీ లేదు. “ఎన్నేళ్లుగా తాగుతున్నావమ్మా?” అంటే ఆ తల్లి నిజం చెప్పింది. అడిగినాయన రాసుకున్నాడు.

గంజాయి విషయంలో కూడా అడిగి రాసుకున్న రోజులున్నాయి. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన గంజాయి కమిషన్ దేశమంతా వేయికి పైగా సాక్షులను విచారించింది. అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో గంజాయి పండిన కాలమది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, అతిగా తాగేవాళ్లకు శ్వాసనాళాల వాపు, విడవని దగ్గు రావచ్చని ఆ కమిషన్ అభిప్రాయపడింది. కేన్సర్ ప్రస్తావన అప్పట్లో ఉండటానికి వీల్లేదు. సిగరెట్ గురించే ఎవరికీ తెలియని కాలం.

1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక గంజాయి తాగడమే నేరమైంది. ఆ చట్టం అక్కర్లేదని నేననడం లేదు. విశాఖ మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి బయల్దేరిన సరుకు విజయవాడ రహదారి మీదుగా, మన చౌటుప్పల్ ముందు నుంచే హైదరాబాద్ చేరుతుంది. 2021లో ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. తెలంగాణలో ప్రత్యేక నార్కోటిక్స్ బ్యూరో పెట్టి, 2025లో దాన్ని ‘ఈగల్’గా మార్చారు. రోడ్ల మీద మూత్ర పరీక్ష కిట్లతో తనిఖీలు జరుగుతున్నాయి. పదహారేళ్ల పిల్లల చేతికి సరుకు అందకుండా చేసే ఏ పనికైనా నా మద్దతు ఉంటుంది. కానీ ఆ భయం ఆస్పత్రి గదిలోకి కూడా నడిచి వచ్చింది. డాక్టర్ ముందు కూర్చున్న కుర్రాడు “ఎప్పుడన్న ఒకటి రెండు సిగరెట్లు సార్” అంటాడు. కేస్‌షీట్‌లో పొగ, మద్యం అని రెండు గడులు ఉంటాయి. పొగ గడిలో ‘అప్పుడప్పుడు’ అని పడుతుంది. గంజాయి అనే గడి ఉండదు. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో గంజాయి, చరస్ వాడేవాళ్లు సుమారు 1.3 కోట్ల మంది. ఏటా మన దేశంలో కొత్తగా ఊపిరితిత్తుల కేన్సర్ బయటపడేవాళ్లు 80 వేలకు పైమాటే. ఈ రెండు అంకెలూ ఎక్కడ కలుస్తున్నాయో చూడాలంటే చూసే కిటికీ లేదు.

దీనివల్ల పరిశోధనకు జరిగే నష్టం ఒక ఎత్తు. మనుషులకు జరిగే నష్టం ఇంకో ఎత్తు, అది నాకు ఇంట్లోనే తెలిసింది. మా దగ్గరి బంధువొకాయన నేతపని చేసేవాడు. బీడీ తాగేవాడు, స్నేహితులతో చిలుము కూడా. దగ్గు మొదలైతే ఊళ్లో ఒక డాక్టర్ ఎక్స్‌రేలో నీడ చూసి, తెమడలో క్రిమి దొరక్కపోయినా టీబీ మందులు మొదలుపెట్టాడు. చిలుము సంగతి ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఏడు నెలల తర్వాత గొంతు బొంగురుపోయి, భుజం నొప్పితో రాత్రిళ్లు కూర్చునే తెల్లవార్చడం మొదలయ్యాక హైదరాబాద్ తీసుకెళితే అది టీబీ కాదన్నారు. టీబీ ఎక్కువగా ఉన్న దేశం కాబట్టి నీడ కనిపిస్తే ముందు టీబీ అనుకోవడం డాక్టర్లకు అలవాటు. ఒకే చిలుము నలుగురి నోళ్లు తిరిగితే నిజంగా టీబీ అంటుకునే వీలూ ఉంది. ఏదైనా కావచ్చు. అందుకే ‘పొగ తాగుతావా’ అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటే సరిపోదు. ఏం తాగుతావు, దేంట్లో కలిపి తాగుతావు, ఎన్నేళ్ల నుంచి అని అడగాలి.

మనకు దూరాభారం కూడా కాదు. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి ఉంది, ఎర్రగడ్డలో ఛాతీ ఆస్పత్రి ఉంది. తెలంగాణ నలుమూలల రోగులు ఈ మూడు గుమ్మాలకే వస్తారు. ఈ మూడు చోట్లా కేస్‌షీట్‌లో గంజాయికి ఒక గడి గీసి, అందులో రాసింది పోలీసు గడప తొక్కదని గోడ మీద తెలుగులో రాసి పెడితే, పదేళ్లలో లాస్ ఏంజిలెస్ లెక్క కాదు, మన లెక్క మన చేతికొస్తుంది. గత పదేళ్లలో గంజాయి మొదలుపెట్టిన కుర్రాళ్లకు నలభై, యాభై ఏళ్లు వచ్చేసరికి 2040లు దాటుతాయి. కేన్సర్ వచ్చేదైతే అప్పుడు వస్తుంది. అప్పుడు గుర్తు చేసుకుని చెప్పమంటే ఎవరికి గుర్తుంటుంది?

టీ కొట్టు దగ్గర ఇంత చెప్పలేదు. కేన్సర్ రాదని తేలలేదురా, వస్తుందని కూడా గట్టిగా తేలలేదు అన్నాను. నువ్వు కలుపుకునే సిగరెట్‌తో వస్తుందనేది మాత్రం డెబ్బై ఏళ్ల కిందటే తేలిందన్నాను. తాగిన మొదటి గంటలో గుండెపోటు ముప్పు దాదాపు అయిదు రెట్లు పెరుగుతుందని 2001లోనే లెక్కకట్టారని చెప్పాను. వాళ్ల నాయనకు నిరుడే స్టెంట్ వేశారు కాబట్టి ఆ మాటకు వాడి ముఖం మారింది. ఇక దగ్గంటావా, మానేస్తే చాలావరకు తగ్గుతుంది. మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఎక్స్‌రే తీయించుకో, డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను.

గ్లాసు పక్కన పెట్టి అడిగాడు: “జెప్తే ఆయన పోలీసోళ్లకు జెప్పడా కాకా?”

చెప్పడు, రోగి మాట దాచడం డాక్టర్ ధర్మం అన్నాను. తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలో మాన్పించుకునే వైద్యానికి చేరి అది పూర్తి చేసినవాణ్ని తాగిన నేరానికి శిక్షించకుండా 64-ఏ అనే సెక్షన్ అదే చట్టంలో ఉందని కూడా చెప్పాను. వాడు ఫోన్ తీసి “అరవై నాలుగు ఏ నా?” అని మళ్లీ అడిగి టైప్ చేసుకున్నాడు.