సూది అక్కరలేని బొమ్మ

ఇచ్చిపుచ్చుకోవడమనే ఆచారం మనుషుల మధ్య ప్రేమకు గుర్తుగా పుట్టింది. కాలక్రమాన అది స్తోమతకు కొలబద్ద అయి కూర్చున్నది. ఈ మార్పు వల్ల ధనవంతులకు వచ్చిన నష్టమేమీ లేదు. నష్టపోయినవారు పేదలు, అందునా చేతిలో సొంత సంపాదన లేని విద్యార్థులు.

నా తరగతిలోని ఒక విద్యార్థిని తన అక్క బిడ్డ అఖీఖాకు వెళ్లలేదు. వేడుక జరిగింది ఇదే పట్టణంలో, నాలుగు వీధుల అవతల. ఎందుకు వెళ్లలేదని అడిగితే కొంతసేపు తలవంచుకుని, "ఖాళీ చేతులతో పోతే అత్తగారింట్లో అక్కకు చిన్నతనం కదా, సార్" అన్నది. ఆ మాటకు నా వద్ద సమాధానం లేకపోయింది. కొద్ది రోజులకే అంగన్‌వాడీ పిల్లలకు పండుగ బొమ్మలు కొనడానికి మన కళాశాలలో చందాలు వసూలు చేశారు. ఆ జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా ఉన్న గడి ఖాళీగానే మిగిలింది. ఒకే లేమి ఆమెను రెండుమార్లు చిన్నబుచ్చింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. మన కళాశాల బొమ్మలు కొనడం మాని, చేయడం ప్రారంభించాలి. అవి సూదిగాని, కుట్టు యంత్రంగాని అక్కరలేని గుడ్డ బొమ్మలైతే చేయలేమనే సాకు ఎవరికీ ఉండదు.

గుడ్డ బొమ్మ కూడా ఒక కానుకేనా అని కొందరు నవ్వవచ్చు. వారికి మన చరిత్రలోనే జవాబున్నది. ఆషూరా ఉపవాస దినాన మదీనా స్త్రీలు తమ చిన్నపిల్లల కోసం ఉన్నితో బొమ్మలు చేసి ఉంచేవారనీ, పిల్లలు ఆకలికి ఏడిస్తే ఇఫ్తార్ వేళ వరకు ఆ బొమ్మలిచ్చి మరపించేవారనీ సహీహ్ బుఖారీలో ఉన్నది. హజ్రత్ ఆయిషా (ర) బొమ్మల నడుమ గుడ్డ పేలికలతో చేసిన రెక్కల గుర్రం ఒకటి ఉండేదని సునన్ అబూ దావూద్ తెలుపుతున్నది. గుర్రానికి రెక్కలేమిటని ప్రవక్త (స) అడగగా, సులైమాన్ ప్రవక్త గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె బదులు పలికారు. ఆ జవాబుకు ఆయన మనసారా నవ్వారు. ఆ ఇంట గౌరవం పొందిన పేలికల బొమ్మ మన ఇళ్లలో చులకన కావలసిన పని లేదు.

శాస్త్రజ్ఞుల మాట కూడా ఇందుకు భిన్నంగా లేదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హారీ హార్లో 1958లో తన ప్రయోగాలను ప్రకటించాడు. తల్లికి దూరమైన కోతిపిల్లల ఎదుట తీగతో చేసిన బొమ్మ తల్లిని, మెత్తని గుడ్డ చుట్టిన బొమ్మ తల్లిని ఉంచారు. పాలు తీగ తల్లి వద్దనే దొరికినా, అవి ఎక్కువ సేపు గుడ్డ తల్లినే కరచుకుని ఉన్నాయి. ఆ ప్రయోగంలోని నిర్దయను సమర్థించలేము. కాని పసితనానికి ఆహారంతోపాటు మెత్తని స్పర్శ కూడా అవసరమని అది నిరూపించింది. ఆ స్పర్శకు వెలతో నిమిత్తం లేదు.

ఇక చేసే విధానం. ఉతికి ఎండబెట్టిన మేజోడు ఒకటి తీసుకోండి. వేళ్ల వైపు నుండి మడమ వరకు దూది కూరి దారంతో బిగించి కడితే పొట్ట అవుతుంది. దానిపైన మరికొంత దూది కూరి మళ్లీ కడితే తల ఏర్పడుతుంది. మిగిలిన పై భాగాన్ని నిలువుగా రెండు పాయలుగా కత్తిరిస్తే కుందేలు చెవులు సిద్ధం.

మేజోడు లేనివారు పాత బనియను గుడ్డను రెండు పొరలుగా పరచి, బంతి వలె గుండ్రంగానో చేప ఆకారంలోనో కత్తిరించాలి. అంచు చుట్టూ అంగుళం ఎడంతో రెండేసి అంగుళాల కోతలు పెట్టి, పై పొర పేలికను క్రింది పొర పేలికతో రెండేసి ముడులు వేస్తూ పోవాలి. చేయి దూరేటంత సందు మిగిలినప్పుడు దూది నింపి తక్కిన ముడులు వేయాలి. బనియను గుడ్డ అల్లిక గుడ్డ కనుక కత్తిరించిన అంచున పోగులు ఊడవు. నేత గుడ్డకు ఆ గుణం లేదు.

సులభమైన పని కదా అని అజాగ్రత్త పనికిరాదు. కళ్ల కోసం బొత్తాములు, పూసలు పెట్టరాదు. మూడేళ్లలోపు పిల్లలు ప్రతి వస్తువునూ నోట పెట్టుకుంటారు. అవి ఊడి గొంతుకు అడ్డుపడితే ప్రాణాపాయం. రబ్బరు బ్యాండు కొంతకాలానికి తెగిపోతుంది గనుక దారమే వాడాలి. బియ్యం, పప్పులు నింపితే పురుగు పడుతుంది. ఏడాది నిండని శిశువు నిద్రించే చోట మెత్తని బొమ్మ ఉంచరాదని శిశువైద్యులు హెచ్చరిస్తారు. చేతివృత్తులవారికి కొన్ని మినహాయింపులతో, మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయింది. మనం కానుకగా ఇచ్చే బొమ్మను పరీక్షించడానికి ఏ అధికారీ రాడు. కనుక ప్రతి ముడినీ లాగి చూడవలసిన బాధ్యత చేసినవారిదే.

కొన్ని ఆక్షేపణలను నేను ఊహించగలను. ప్రాణుల రూపాలు చేయడం తగునా అని కొందరు పెద్దలు సందేహిస్తారు. పైన చెప్పిన ఉల్లేఖనాల ఆధారంగా పిల్లల బొమ్మలను అనుమతించిన పండితులు అనేకులున్నారు. అయినా మనసు ఒప్పనివారు ముఖం గీయకుండా వదలవచ్చు, లేదా బంతినో నెలవంకనో చేయవచ్చు. ఇది ఆడపిల్లల పని అనే విద్యార్థులున్నారు. రేపు తండ్రులు కాబోయేవారికి ఒక ముడి వేయడం రాకపోవడం ఘనత కాదు.

అన్నింటికన్న బలమైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. పేద పిల్లలకు పాత గుడ్డలు అంటగట్టడం దానమా, అవమానమా? ఈ ప్రశ్న న్యాయమైనది. తాము కళ్లు మూసుకుని తప్ప పుచ్చుకోలేని వస్తువును దానం చేయరాదని బఖరా సూరా మనకు బోధిస్తున్నది. అందుచేత నేనొక నియమం సూచిస్తాను. ప్రతి విద్యార్థీ తాను చేసిన మొదటి బొమ్మను తన ఇంటి పిల్లకే ఇవ్వాలి. ఆ పిల్ల దానితో వారం రోజులు ఆడిన తరువాతనే రెండవ బొమ్మ పరుల బిడ్డ కోసం చేయాలి. మన ఇంట చెల్లనిది ఇతరుల గడప దాటరాదు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. రంజాన్‌కు ముందు నెలలో ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు గంటల సమయం ఈ పనికి కేటాయించండి. దూది, దారం, కత్తెరలు కళాశాల సమకూర్చాలి. గుడ్డలు విద్యార్థులు తెచ్చుకుంటారు. చందా జాబితాను మాత్రం ఎత్తివేయండి. పేరుకు ఎదురుగా ఖాళీ గడి ఉండని కానుకే విద్యాలయానికి శోభ.

ఆ విద్యార్థిని ఇటీవల తన అక్క బిడ్డ కోసం చేసిన కుందేలును నాకు చూపింది. ఒక చెవి పొడవు, ఒకటి పొట్టి. మరునాడు ఆమె అక్క ఇంటికి వెళ్లి వచ్చింది. ఇప్పుడు రెండవ ఏట అడుగుపెట్టిన ఆ బిడ్డ పొడవు చెవిని పట్టుకుని ఇల్లంతా ఈడ్చుకుని తిరుగుతున్నదట. కానుక వెల ఎంతని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదట.