కాన్పు వార్డులో ‘స్టడీ’ ఫారం ఇస్తే... సంతకానికి ముందు ఏం అడగాలి?

మీరు హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నారు. మీ చెల్లెలు తొలి కాన్పుకు తాండూరులోని పుట్టింటికి వెళ్లింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. ‘‘అక్కా, ఇక్కడేదో స్టడీ అంట. ఫారం మీద సంతకం పెట్టమంటున్నరు. పెట్టాల్నా, వద్దా?’’

మీరేం చెబుతారు? మనలో చాలామంది దగ్గర రెండే జవాబులుంటాయి. ‘డాక్టర్లు అడిగారు కదా, పెట్టెయ్’ అనేది ఒకటి. ‘మన మీద ప్రయోగాలు చేస్తారేమో, వద్దని చెప్పు’ అనేది రెండోది. రెండూ తొందరపాటే. అది ఏ రకం స్టడీయో తెలిస్తే తప్ప సరైన జవాబు చెప్పలేం. అది తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు?

తెలంగాణలో 2023 సెప్టెంబరులో ఒకేసారి తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటిలో వికారాబాద్ ఒకటి. తాండూరులో జిల్లా ఆసుపత్రి, మాతా శిశు ఆసుపత్రి ఉన్నాయి. ఒకప్పుడు కాస్త క్లిష్టమైన కాన్పు అంటే వంద కిలోమీటర్లు దాటి హైదరాబాద్‌కు పరుగెత్తాల్సిన ప్రాంతమిది.

వైద్య కళాశాల వచ్చిందంటే చికిత్స, చదువుతో పాటు పరిశోధన కూడా వస్తుంది. అధ్యాపకుల పదోన్నతికి పరిశోధన పత్రాలు కావాలి. పీజీ విద్యార్థులైతే థీసిస్ రాయాలి. ప్రసూతి విభాగంలో ఏటా వందల కాన్పులు జరుగుతాయి కాబట్టి, అధ్యయనాలకు అది సహజంగానే అనువైన చోటు. ఇన్నాళ్లూ గాంధీ, ఉస్మానియా, పేట్ల బురుజు వంటి పెద్ద ఆసుపత్రులకే పరిచయమైన ‘స్టడీ’ అనే మాట ఇకపై జిల్లాల్లోనూ వినిపిస్తుంది.

మన దగ్గర ఉన్న లెక్కలేంటి? లేనివేంటి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది మంచి మాట. అదే సర్వేలో మరో అంకె ఉంది. రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం ఉంటే, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ 44.5 శాతం ఉంది. ఒక జనాభా మొత్తంగా చూస్తే, సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గినట్లు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

ఇంకో అంకె కూడా చూడండి. 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం. తెలంగాణలో 8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. అనవసరంగా గర్భసంచి తొలగించే ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

ఇవన్నీ ఎన్ని కోతలు జరిగాయో చెప్పే లెక్కలు. ఆ కోత తర్వాత ఆ మహిళ ఎలా ఉందో ఇవి చెప్పవు. కాన్పయ్యాక తుమ్మినా, దగ్గినా మూత్రం కారుతోందా? బరువెత్తితే గర్భసంచి కిందికి జారినట్లు అనిపిస్తోందా? నడుము నొప్పి, పొత్తికడుపు నొప్పి తగ్గిందా? కంది చేలో ఒంగి పనిచేసే మహిళకైనా, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగికైనా ఇవి ఏళ్ల తరబడి వెంటాడే సమస్యలు. సిగ్గుతో ఆమె చెప్పదు. డిశ్చార్జి అయ్యాక ఆసుపత్రి అడగదు. చివరికి ఎప్పుడో ఒకరోజు ‘గర్భసంచి తీసేస్తే పోతుంది’ అన్న సలహా దగ్గరకు కథ చేరుతుంది.

మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే ఎవరో ఒకరు అడగాలి, రాయాలి, ఏళ్ల తరబడి వెంట ఉండి చూడాలి. పరిశోధన చేసేది ఆ పనే.

పరిశోధన వల్ల మనకు ఒరిగిందేంటి?

బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదమున్న గర్భిణికి నేడు మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ ప్రమాదాన్ని అది సగానికి పైగా తగ్గిస్తుందని నిర్ధారించింది ‘మ్యాగ్‌పై’ ట్రయల్. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా గర్భిణులు ఒప్పుకొని పాల్గొన్నందువల్లే 2002లో ఆ ఫలితం వచ్చింది.

మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలకు వ్యాయామాలున్నాయి. వీటినే కీగల్ వ్యాయామాలు అంటారు. గర్భంతో ఉన్నప్పుడే వీటిని మొదలుపెట్టిన మహిళల్లో కాన్పు తర్వాతి నెలల్లో మూత్రం కారే సమస్య తక్కువగా ఉందని 46 ప్రయోగాలను, 10 వేలకు పైగా మహిళల వివరాలను కలిపి చూసిన సమీక్ష 2020లో తేల్చింది. దీనికి మందు లేదు, ఖర్చు లేదు. అయినా ఎంతమందికి మన దగ్గర చెకప్‌లో ఈ వ్యాయామాలు నేర్పుతున్నారు?

మన పక్కనే జరిగిన ఉదాహరణ కూడా ఉంది. 2016లో వికారాబాద్ కొత్త జిల్లా అయ్యేవరకు తాండూరు, మేడ్చల్ రెండూ రంగారెడ్డి జిల్లాలోనే ఉండేవి. ఆ మేడ్చల్ మండలంలో 2009-2011 మధ్య 1,227 మంది మహిళలను ‘లైఫ్’ అనే అధ్యయనంలో చేర్చుకున్నారు. గర్భం రాకముందు నుంచి లేదా తొలి నెలల నుంచే వారిని గమనిస్తూ వచ్చారు. కాన్పు రోజున మాత్రమే కనిపించే లెక్కకూ, ఇలా మొదటి నుంచీ వెంట ఉండి రాసిన లెక్కకూ చాలా తేడా ఉంటుంది.

మరి భయం ఎందుకు?

భయానికి కారణం ఉంది. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 10-14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి వేశారు. ‘పాత్’ అనే అంతర్జాతీయ సంస్థ దీన్ని ‘డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు’గా చేపట్టింది. వారిలో చాలామంది హాస్టళ్లలో చదివే పేద, గిరిజన బాలికలు. అనేక ఫారాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును నిలిపివేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుబట్టింది.

ఇక్కడ ఒక విషయం వేరు చేసి చూడాలి. ప్రాజెక్టు సమయంలో సంభవించిన మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణలో తేలలేదు. ఆ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ సిఫారసు చేస్తోంది. అక్కడ తప్పు జరిగింది అడగాల్సిన వారిని అడగకపోవడంలో. ఒకరి సంతకం ఇంకొకరు పెడితే మంచి మందు మీద కూడా నమ్మకం పోతుంది.

‘స్టడీ’ అంటే మూడు రకాలు

మొదటిది ఆడిట్. ఆసుపత్రి తన రికార్డులను తానే చూసుకోవడం. ఉదాహరణకు ‘రాబ్సన్ వర్గీకరణ’లో కాన్పుకు వచ్చిన ప్రతి మహిళనూ పది గ్రూపుల్లో ఒకదానిలో చేరుస్తారు. తొలి కాన్పా, గతంలో సిజేరియన్ అయిందా, నెలలు నిండాయా, బిడ్డ తల కిందికి ఉందా వంటివి చూస్తారు. ఏ గ్రూపులో కోతలు ఎక్కువవుతున్నాయో అప్పుడు తెలుస్తుంది. దీనివల్ల మీ చికిత్సలో మార్పేమీ ఉండదు.

రెండోది పరిశీలన అధ్యయనం. మీ చికిత్స మారదు. కానీ ప్రశ్నలు అడుగుతారు, కొన్నిసార్లు అదనంగా రక్తం తీసుకుంటారు, కొన్ని నెలల తర్వాత ఫోన్ చేస్తారు. ప్రసూతి విభాగాల్లో ఇలాంటివే ఎక్కువ.

మూడోది క్లినికల్ ట్రయల్. ఇందులో మీకిచ్చే మందు, పరికరం లేదా పద్ధతే పరీక్షకు పెట్టిన అంశం. ఏ మహిళకు ఏ చికిత్స అన్నది చాలాసార్లు లాటరీ పద్ధతిలో నిర్ణయమవుతుంది. ప్రమాదమేంటో, ప్రయోజనమేంటో అన్నిటికన్నా ఎక్కువగా అడగాల్సింది ఇక్కడే. కొత్త మందుల ట్రయల్స్‌కు 2019 నాటి ‘న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్’ వర్తిస్తాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఆ నిబంధనల్లోనే ఉన్నాయి.

సంతకానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి

ఇది పై మూడింటిలో ఏది? ఈ ఒక్క ప్రశ్నతో సగం సందేహం తీరుతుంది.

ఫారం తెలుగులో ఉందా? మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పడం పరిశోధకుల బాధ్యత. వికారాబాద్ జిల్లాలో ఇంట్లో ఉర్దూ, కన్నడ, లంబాడీ మాట్లాడేవారూ ఉన్నారు. చదవడం రానివారికి, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి.

ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? వైద్యులతో పాటు బయటి వ్యక్తులు, సామాన్యులు కూడా ఉండే కమిటీ ఇది. దాని అనుమతి లేకుండా పరిశోధన మొదలుపెట్టకూడదు. కమిటీని సంప్రదించాల్సిన నంబరు ఫారం మీదే ఉండాలి.

వద్దంటే ఏమవుతుంది? ఏమీ కాకూడదు. మంచం, మందు, ఆపరేషన్, ప్రభుత్వ కిట్, ‘అమ్మ ఒడి’ 102 వాహనం... వేటికీ ఈ సంతకంతో సంబంధం లేదు. ఒప్పుకున్నాక మధ్యలో మానేసే హక్కూ ఉంటుంది.

ఖర్చు ఎవరిది? పరిశోధన కోసమే చేసే అదనపు పరీక్షలకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. రాకపోకల ఖర్చు ఇస్తారేమో అడగవచ్చు.

ఎంతకాలం గమనిస్తారు? డిశ్చార్జితో ఆగిపోతుందా, ఆరు నెలల తర్వాతా అడుగుతారా? మూత్రం కారడం, గర్భసంచి జారడం వంటివి బయటపడేది ఆ తర్వాతే.

ఫారం కాపీ ఇస్తారా? సంతకం చేసిన కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి. కనీసం ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఇంకో మాట. సంతకం ఆమెది. భర్తనో, అత్తనో, మిమ్మల్నో సలహా అడగవచ్చు. నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్న మహిళ బదులు ఇంకొకరు సంతకం పెట్టకూడదు. నొప్పులు పడుతున్న సమయంలో చేతిలో పెన్ను పెట్టడం కంటే నెలనెలా చెకప్‌కు వచ్చినప్పుడే వివరించి, ఇంటికెళ్లి ఆలోచించుకునే సమయమివ్వడం మంచి పద్ధతి.

ఫోన్‌లో ఎలా చూడొచ్చు?

‘క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా’ అని వెతకండి. సీటీఆర్ఐ అంటారు. మందుల ట్రయల్స్ అన్నీ ఇందులో నమోదు కావాలని 2009 నుంచి నిబంధన ఉంది. పీజీ విద్యార్థుల థీసిస్‌లు కూడా చాలా కనిపిస్తాయి. ఎవరు చేస్తున్నారు, ఎక్కడ, ఎంతమందితో, ఏం కొలుస్తున్నారు అన్నవి ఉచితంగా చూడొచ్చు. వివరాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి, ఊళ్లో ఉన్నవారి కోసం మీరు చూసి పెట్టడం మేలు. ఫారం మీద సీటీఆర్ఐ నంబరు ఉంటే రెండు నిమిషాల పని.

తేడాగా అనిపిస్తే ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు, ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా చెప్పండి. ఆసుపత్రిలో వినకపోతే జిల్లా వైద్యాధికారి ఉన్నారు.

ఇంతకీ చెల్లెలికి ఏం చెప్పాలి?

‘‘ముందు ఆ ఫారం ఫొటో తీసి పంపు. అది ఏ రకం స్టడీయో అడుగు. తెలుగులో చెప్పమను. వద్దన్నా వైద్యం ఆగదని గుర్తు పెట్టుకో’’ అని చెప్పండి. జవాబులు సరిగ్గా వస్తే, ‘పెట్టు’ అని చెప్పడానికి వెనకాడకండి. తాండూరులో కాన్పు అయిన మహిళ ఆరు నెలల తర్వాత ఎలా ఉందో హైదరాబాద్‌లోనో, ఢిల్లీలోనో కూర్చున్నవారికి తెలియదు. ఆమెను అడిగితేనే తెలుస్తుంది. అడిగే తీరు మర్యాదగా ఉంటే ఆమె చెప్పే జవాబు రేపు అదే మంచం మీదికొచ్చే మరో ఆడబిడ్డకు పనికొస్తుంది.